రోగికి తోడు



రోగము శరీరమును బాధించును. రోగమును దాచుకొనవలసివచ్చుట మనస్సును బాధించును. ఈ రెండవ బాధకు, అదే రోగమును అనుభవించి లేచినవాని మాట మంచి మందు.

ఇది క్రొత్త సంగతి కాదు. 1905లో అమెరికాలోని బోస్టను పట్టణమున జోసెఫ్ ప్రాట్ అను వైద్యుడు బీద క్షయరోగులను వారమున కొకసారి కూర్చుచుండెను. అచ్చటి ఇమ్మాన్యుయేలు సంఘము ఆ పనికి సహాయపడెను. రోగులు తమ జ్వరమును, బరువును వ్రాసి తెచ్చి, ఒకరినొకరు చూచి ధైర్యము తెచ్చుకొనిరి. నేడు అట్టి కూటములు చేతిలోని ఫోనులోనే యున్నవి.

నాకు తెలిసిన యొక యువకునికి క్షయ సోకెను. ఊరివారికి తెలిసినచో చెల్లెలి పెండ్లి తప్పిపోవునని అతడు ఎవరికిని చెప్పలేదు. ఫోనులో క్షయరోగుల వాట్సాప్ కూటమున చేరెను. మాత్రలు మ్రింగిన పిదప మూత్రము ఎఱ్ఱగా వచ్చుట చూచి అతడు వణకగా, "నాకును అట్లే వచ్చినది. అది మాత్ర రంగు, భయపడకుము" అని ఒకరు వ్రాసిరి. ఆ రాత్రి అతడు నిద్రపోయెను.

రెండవ నెలలో దగ్గు తగ్గెను. అదే కూటములో వేరొకడు, "ఇక మాత్రలెందుకు? నాయొద్ద కషాయము కొనుము" అని వ్రాసెను. యువకుడు, "ఏమి చేయమందురు, అయ్యగారూ?" అని నన్నడిగెను. ఇద్దరము ఆరోగ్య కేంద్రమునకు పోతిమి. "దగ్గు పోయినంతమాత్రాన క్రిమి చావదు. సాధారణముగా 6 నెలలు మ్రింగవలెను. నడుమ మానినచో క్రిమి మందునకు లొంగకుండ మొండికెత్తును" అని నర్సమ్మ చెప్పినది. అతడు 6 నెలలును మ్రింగెను.

చూచితివా? ఒకే కూటములో ఒకరు చేయి పట్టిరి, మరొకరు గోయి చూపిరి. కాబట్టి కొన్ని మాటలు జ్ఞాపకముంచుకొనుము.

కూటమును గూర్చి ముందుగా నీ వైద్యుని, నర్సమ్మను, ఆశా కార్యకర్తను అడుగుము. నడుపువారెవరో తెలిసికొనుము. కొన్నాళ్లు చదువుము, పిమ్మట మాటాడుము. ఆధారు నంబరు, బ్యాంకు లెక్క, పరీక్షల కాగితముల బొమ్మలు పంపకుము. మందు అమ్మువానిని, డబ్బడుగువానిని, "నిశ్చయముగా నయమగును" అనువానిని నమ్మకుము. ఓదార్పును కూటములో తీసికొనుము. మందు మార్చుటకు, మానుటకు వైద్యునే అడుగుము. రక్తము పడినను, ఊపిరి ఆడకున్నను ఫోనులో జవాబుకొరకు కనిపెట్టక ఆసుపత్రికి పొమ్ము. మనస్సు కృంగి ప్రాణముపై విరక్తి కలిగినచో 14416 నంబరునకు పిలువుము. అది 2022లో ఆరంభమైన టెలి మానస్ అను ప్రభుత్వ సేవ. ఖర్చు లేదు, తెలుగులోను మాటాడుదురు.

నీ యింటిలో ఎవరైనను రాత్రివేళ ఫోను పట్టుకొని ఒంటరిగా చదువుచుండినయెడల కసరకుము. ప్రక్కన కూర్చుండి, "ఏమి వ్రాసిరి? నాకును చదివి వినిపించుము" అని అడుగుము. ఫోనులోని స్నేహితులు దూరమున నున్నారు. ఆసుపత్రికి వెంట వెళ్లగలవాడవు నీవే.