బిళ్ళకు తగిన పేరు

తెలుగునాట "బిళ్ళ" అను మాట వినబడని ఇల్లుండదు. జడబిళ్ళ ఆభరణము, మందుబిళ్ళ ఔషధము, బిళ్ళంగోడు పిల్లల ఆట, బిళ్ళబంట్రోతు డవాలిపై మెరసిన ఇత్తడిబిళ్ళ ఉద్యోగమునకు గుర్తు. ఒక్క మాట ఇన్నింటికి చెల్లుట తెలుగునకు కొరత కాదు. దానికి తోడైన మాటయే దాని పనిని తెలుపుచున్నది. కాని ఇట్టి గుర్తులను సేకరించి, వానికి ఆంగ్లమున పేర్లు వ్రాయబూనినవానికి చిక్కు వచ్చును. బ్యాడ్జి, మెడల్, ఇన్‌సిగ్నియా, ఎంబ్లెమ్, క్రెస్ట్ అను మాటలు చూచుటకు తోబుట్టువులవలె నుండును; వాని పనులు మాత్రము వేరు.

నందిగామకును విజయవాడకును నడుమ, హైదరాబాదు రహదారిపై పరిటాల గ్రామము కలదు. 1947లో దేశమునకు స్వాతంత్ర్యము వచ్చునాటికి, చుట్టును మదరాసు రాష్ట్రపు కృష్ణాజిల్లా ఉండగా, పరిటాలయు దాని దాపున నున్న కొన్ని పల్లెలును నిజాము ఏలుబడిలో నుండెను. 2022 నుండి ఆ గ్రామము ఎన్.టి.ఆర్. జిల్లాలోనిది.

ఆ ఊరి బాలుడొకడు తాను కూర్చిన గుర్తులను పాఠశాల ప్రదర్శనమున నుంచదలచెను. స్కౌటు గుర్తు, ఎన్.సి.సి. టోపీగుర్తు, భుజపు పట్టీలు, బస్సు కండక్టరు సంఖ్యాబిళ్ళ అందుండెను. అన్నింటికంటె వానికి ప్రియమైనది ఉర్దూ అక్షరములు చెక్కిన ఒక ఇత్తడిబిళ్ళ. అది వాని ముత్తాతది. ఆయన నిజాము కాలమున కచేరీ బంట్రోతుగా నుండెను. బాలుడు దాని క్రింద "మెడల్" అని ఆంగ్లమున అందముగా వ్రాసెను. తపాలాశాఖలో పనిచేసి విశ్రాంతి పొందిన వాని తాత అది చూచి చీటి తీసివేసెను.

"దీనిని త్రిప్పి వెనుకవైపు చూడు నాయనా, ఏమున్నది?" అని అడిగెను.

"రెండు కొక్కెములున్నవి తాతయ్యా."

"అవి తోలుపట్టీకి తగిలించుటకు. మెడల్‌కు సామాన్యముగా పైన ఉంగర ముండును; దానికి పట్టురిబ్బను కట్టుదురు. 'నీవెవరవు?' అను ప్రశ్నకు బ్యాడ్జి బదులు చెప్పును. 'నీవేమి చేసితివి?' అను ప్రశ్నకు మెడల్ బదులు చెప్పును. మా నాయన యుద్ధమునకు పోలేదు. ఏ బహుమానమును పొందలేదు. ఎండనక వాననక కాగితములు మోసి ఇల్లు నిలిపెను. దీనిని మెడల్ అన్నచో ఆయన చేయని పనిని ఆయనకు అంటగట్టి, చేసిన పనిని దాచినవార మగుదుము."

"బ్యాడ్జి అన్నచో చిన్నతనముగా నుండదా?" అని బాలుడు మెల్లగా అడిగెను.

"ఆయనకు లేని చిన్నతనము నీకెందులకు?" అని తాత పలికెను. బాలుడు తల వంచుకొని మరియొక చీటి అందుకొనెను.

తరువాత నిరువురును ఒక్కొక్క వస్తువునే పరిశీలించిరి. ఎన్.సి.సి. పట్టీలలో ఒక గీటు లాన్స్ కార్పొరలునకు, రెండు కార్పొరలునకు, మూడు సార్జెంటునకు చెల్లును. ఇట్లు హోదాను తెలుపు గుర్తులకు ఇన్‌సిగ్నియా అను మాట తగును. ఆ మాట లాటిను భాషనుండి వచ్చినది. అందు అది బహువచనము. ఎంబ్లెమ్ అనగా లోహపు వస్తువు కాదు. దానిపై నున్న ఆకృతి. సారనాథ సింహశీర్షము 1950 జనవరి 26 నుండి భారతదేశమునకు ఎంబ్లెమ్. అది నాణెముపై నున్నను, కాగితముపై నున్నను ఎంబ్లెమే. క్రెస్ట్ అను మాటకు మూలమైన లాటిను పదమునకు కోడిజుట్టు అని అర్థము. వంశచిహ్నమున శిరస్త్రాణముపై నుండు భాగమునకే ఆ పేరు చెల్లును. చాలమంది చిహ్నము మొత్తమును క్రెస్ట్ అనుచుందురు. అది జుట్టును చూపి కోడి యనుటవంటిది.

తెలుగువారు బిళ్ళబంట్రోతు అన్నవానిని ఉత్తరాదివారు చపరాసి అనిరి. చప్రాస్ అనగా ఉద్యోగి ధరించు లోహపుబిళ్ళయే. ఆంగ్లేయులు ఆ మాటను తమ భాషలోనికి తీసికొనిరి. బిళ్ళను బట్టి మనిషికి పేరు వచ్చుట ఇరుతావులను ఒక్కతీరుననే జరిగినది.

పేరు మారినచో ఆచారమే కాదు, చట్టమును మారవచ్చును. భారత రాజ్యాంగపు 18వ అధికరణము బిరుదులను నిషేధించినది; సైనిక, విద్యా సంబంధమైన వానికి మాత్రము మినహాయింపు కలదు. 1954లో నెలకొల్పిన భారతరత్న, పద్మ పురస్కారములు బిరుదులా, కావా అను వివాదము సుప్రీంకోర్టు వరకు పోయెను. అవి బిరుదులు కావనియు, వానిని పేరునకు ముందుగాని వెనుకగాని చేర్చుకొనరాదనియు 1995లో ఆ న్యాయస్థానము తీర్పు చెప్పెను. ఆ పురస్కారముల నిలుకడ ఒక మాటయొక్క అర్థముపై ఆధారపడెను.

పరిటాల పేరునకే ఆంగ్లమున ఇట్టి గతి పట్టినది. రీజెంటు అను ప్రసిద్ధ వజ్రము పరిటాల గనులలో దొరికినదని పలువురు చెప్పుదురు. కాని ఆంగ్ల గ్రంథములందు ఆ ఊరిపేరు "పార్టియల్" అని వికృతరూపమున కానవచ్చును. ఆ వజ్రమును మదరాసు గవర్నరు థామస్ పిట్ కొనెను. 1717లో అది ఫ్రాన్సు రాజప్రతినిధికి అమ్ముడుపోయెను. 1722లో పదునైదవ లూయీ కిరీటమున మెరసెను. తరువాత నెపోలియను ఖడ్గమునకును అలంకార మయ్యెను. ఇప్పుడది పారిసులోని లూవ్రు ప్రదర్శనశాలకు చెందియున్నది. కిరీటము, రాజదండము మున్నగు రాజచిహ్నముల సముదాయమునకు ఆంగ్లమున రిగేలియా అని పేరు. గొప్ప మాటయే! అయినను వజ్రము పుట్టిన ఊరిపేరు సరిగా వ్రాయకపోవుటచే, చదువరికి ఆ ఊరే కనుమరుగైనది.

బాలుని ప్రదర్శనమున చీటీ లన్నియు మారెను. ఇత్తడిబిళ్ళ క్రింద "కచేరీ బంట్రోతు బ్యాడ్జి, నిజాము కాలము, పరిటాల" అని రెండు భాషలలోను వ్రాయబడెను. చూడవచ్చిన వృద్ధులు కొందరు ఆ చీటి చదివి, తమ ఇండ్లలోను ఇట్టి బిళ్ళ లుండెడివని చెప్పిరి. బంట్రోతు పని ఎట్లుండెనో, జీతము రాళ్ళెట్లు వచ్చెడివో చెప్పిరి. మెడల్ అను చీటియే నిలిచియున్నచో ఆ మాటలు వెలువడెడివి కావు. గుర్తులు సేకరించు విద్యార్థి మొదట వస్తువును త్రిప్పి చూడవలెను. దానిని ధరించిన వ్యక్తిని గూర్చి అడిగి తెలిసికొనవలెను. పిమ్మట నిఘంటువు తెరువవలెను. పేరు అప్పుడు తప్పిపోదు.