ట్యూబు మీద నంబరే ఉంది

మాది నెల్లూరు జిల్లా, ముత్తుకూరు అవతల సముద్రం పక్క ఊరు. ఇంటిపేరు షేక్. అబ్బా రొయ్యల గుంటలకి కాపలా ఉండేవాడు. 1994లో తెల్లమచ్చ రోగం వచ్చినప్పుడు నేను చంకలో పిల్లని. రొయ్యలు మేత మానేసి గట్లకి చేరాయంట. పెంకు మీద తెల్లటి మచ్చలు. పది రోజులు తిరక్కుండానే గుంట ఖాళీ. ఆసామి అప్పులపాలయ్యాడు, అబ్బాకి జీతం పోయింది. ‘ఎవరి దిష్టి తగిలిందో’ అనేది నానీ. ఆ మాట వింటూనే పెరిగాను.

నెల్లూరులో బీఎస్సీ మైక్రోబయాలజీ రెండో ఏడులో ఉండగా మా మేడమ్ ఒక దరఖాస్తు చేతిలో పెట్టింది. బెంగుళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, ఢిల్లీలోని ఇన్సా, అలహాబాదులోని నాసి కలిసి ఏటా ఎండాకాలం రెండు నెలలు డిగ్రీ పిల్లల్ని ప్రయోగశాలలకి పంపుతాయి. మార్కులు రాయాలి, ఎందుకు రావాలనుకుంటున్నామో రాయాలి, టీచరు ఉత్తరం జతచేయాలి.

‘మనలాంటోళ్ళకి ఇస్తారా మేడమ్?’

‘మనలాంటోళ్ళంటే ఎవురే? ముందు రాయి.’

ఆ ఏడు రొట్టెల పండక్కి అమ్మీ బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువు నీళ్ళలో నిలబడి చదువు రొట్టె పట్టింది. ఇచ్చినావిడ నుదుట రూపాయంత బొట్టు. పేర్లు అడుక్కోలేదు ఇద్దరూ.

2012 మే నెలలో హైదరాబాదు చేరాను. గది చూపించినాయన అడ్వాన్సు దాకా మాట్లాడి అప్పుడు పేరడిగాడు. చెప్పాను. తమ్ముడి కుటుంబం వస్తోందని అప్పుడే గుర్తొచ్చింది ఆయనకి. మనోళ్ళే గదా అని దూరపు చుట్టాలింటికి పోతే, నా మాట విని పిల్లలు నవ్వారు. ‘ఇది ఉర్దూయేనా?’ అక్కడ తురకదాన్ని, ఇక్కడ ఆంధ్రాదాన్ని.

ప్రయోగశాలలో నాకు అప్పజెప్పిన పని పీసీఆర్. రొయ్య కండలోంచి డీఎన్ఏ తీసి, చిన్న ట్యూబులో వేసి, వేడిచేసి చల్లార్చడం. ఒక్కో విడతకి వెతికే ముక్క రెండింతలవుతుంది. ముప్పై విడతలకి ఒకటి వంద కోట్లు దాటుతుంది. ట్యూబు మీద పేరుండదు, నంబరే. జెల్‌లో నడిపి అతినీలలోహిత కాంతి కింద పెడితే ఒక గీత మెరిసింది. తెల్లమచ్చ వైరస్. నానీ చెప్పిన దిష్టి నా కళ్ళముందుంది. దానికి ఈనాటికీ మందు లేదు. తల్లిరొయ్యనీ, పిల్లనీ గుంటలో వదలకముందే పరీక్షించుకోవడమే దారి.

తోటి విద్యార్థి ఒకరోజు అడిగాడు. ‘మీ వాళ్ళు ఎక్కడినుంచి వచ్చారు?’

‘ముత్తుకూరు.’

‘కాదు, మొదట?’

ఆ ‘మొదట’కి జవాబు వెతుక్కుంటూ చదివాను. సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఇతరులతో కలిసి 2009, 2010లలో అచ్చేసిన పరిశోధనలు దొరికాయి. భారతీయ ముస్లిముల డీఎన్ఏ చాలావరకు చుట్టుపక్కల ముస్లిమేతరులతోనే కలుస్తుంది. ఇరాన్, అరేబియా వైపు జాడ కొద్దిగానే ఉంది. ఎగిరి గంతేశాను. ఆ కాగితాలు తీసుకెళ్ళి అతని ముందు పెట్టాలనుకున్నాను.

రాత్రి నిద్రపట్టలేదు. లెక్క ఇంకోరకంగా తేలుంటే? మేం మూటాముల్లె సర్దుకోవాలా? ఉప్పు బురదలో పగిలిన అబ్బా పాదాలు చాలవా మేం ఇక్కడివాళ్ళమనడానికి? నన్ను నేనే ట్యూబులో వేసుకుని నిరూపించుకోబోయినందుకు సిగ్గేసింది. కాగితాలు అతనికి చూపలేదు. నా జెల్ ఫొటో మాత్రం ఇంటికి తెచ్చుకున్నాను.

అబ్బా దాన్ని దీపం దగ్గర పెట్టుకుని చాలాసేపు చూశాడు. ‘అయితే దిష్టి గాదు. ముందే తెలుసుకునే వీలుండుంటే...’ అని ఆగిపోయాడు. ఆయన ఎప్పుడూ నన్ను సైన్సు ఎందుకని అడగలేదు, ఆ తర్వాత అడిగే అవసరమూ రాలేదు.

తర్వాతి పండక్కి అమ్మీ చదువు రొట్టె వదిలింది. ఎవరో ఒక పిల్ల పట్టుకుంది. పేరడగలేదు. ఆ పిల్లకి చెప్పాలనుకున్నది ఇప్పుడు చెబుతున్నాను. దరఖాస్తు రాయమ్మా. గది దొరక్కపోతే మా ఇంటికి రా.