వీనికి ఏ పాట పెట్టాలె?

"అన్నా, నువ్వు పాటల మీద ఇంతింత వ్యాసాలు రాస్తవు గదా. వీనికి ఏ పాటలు పెట్టొచ్చో ఒక లిస్టు రాసియ్యరాదు?"

పోయినేడు దసరా సెలవులకు దేవరకొండ పోయినప్పుడు మా చెల్లె అడిగిన మాట ఇది. వీడంటే నా మేనల్లుడు. ఎనిమిదేళ్లు. ఆటిజం ఉందని నాలుగో ఏట తెలిసింది. మాటలు తక్కువ. మిక్సీ తిరిగితే చెవులు మూసుకుంటాడు. కుక్కర్ కూతకు ముందే వంటింట్లోంచి బయటికి ఉరుకుతాడు, అది ఎప్పుడు కూస్తుందో మా అమ్మకన్నా వాడికే బాగా తెలుసు. మా గల్లీలో బతుకమ్మకు డీజే పెట్టడం మొదలైనప్పటి నుంచి మా చెల్లె ఆడడం మానేసింది. ఆ తొమ్మిది రోజులూ పొద్దు గూకగానే వాడితో లోపలి గదిలో కిటికీలు మూసుకొని కూర్చుంటది.

లిస్టే కదా, ఒక గంట పని అనుకున్నా. ఇంజనీరు బుద్ధి, ముందు అంకెల కోసం వెతికా. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్లున్న చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు (డీజే అతనికి ఈ సంగతి చెబితే నవ్వుతాడు). 2019లో డబ్ల్యూహెచ్‌ఓ, ఐటీయూ కలిసి ఇంకో ప్రమాణం ఇచ్చాయి: ఫోన్లలో పాటలు వినేటప్పుడు పెద్దవాళ్లు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు, పిల్లలైతే 75 దగ్గర. ఇవన్నీ చెవి పాడవకుండా పెట్టిన లెక్కలు. మావాడి చెవికి ఏ జబ్బూ లేదు. ఇంద్రియాలకు తగిలేవాటికి అతిగానో, మరీ తక్కువగానో స్పందించడం 2013 నాటి డీఎస్‌ఎం-5లో ఆటిజం లక్షణాల జాబితాలోకి ఎక్కింది గానీ, అందులో డెసిబెల్ లెక్కేమీ లేదు.

సరే, నా చెవుల్నే నమ్ముకున్నా. గోల పాటలన్నీ కొట్టేశా. మొదట పోయింది 'నాటు నాటు'. మిగిలినవి వేణువు, వయొలిన్లు, మెల్లగా నడిచే గొంతులు. అందులో మొదటి పాట నాకు ప్రాణం. పేరు చెప్పను, దాని మీద ఇదివరకు రెండు వేల మాటల వ్యాసం రాశా. రెండో చరణం ముందు అంతా ఆగిపోతుంది. రెండు క్షణాలు నిశ్శబ్దం. తర్వాత వయొలిన్లన్నీ ఒక్కసారిగా లేస్తాయి. 'ఊహించని మలుపు' అని మురిసిపోతూ రాసుకున్న చోటు అది.

సరిగ్గా అక్కడే మావాడు కేక పెట్టి చెయ్యి కొరుక్కున్నాడు.

రాత్రి కూర్చొని ఆలోచిస్తే విషయం అర్థమైంది. స్పాటిఫై లాంటివి పాటలన్నిటినీ ఒకే శబ్ద స్థాయికి, సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కి, సర్దుతాయి. కానీ ఆ అంకె పాట మొత్తానికి సగటు. మొదటి నుంచి చివరిదాకా గోలగా ఉండే పాటలో ఎగుడుదిగుడులు ఉండవు. మెత్తని పాట అలా కాదు, సగం దాకా గుసగుసలాడి ఒక్కచోట విరుచుకుపడుతుంది. సగటు చూస్తే సాధువే. అయినా నన్ను కలవరపెట్టింది ఈ లెక్క కాదు. ఇన్నేళ్లుగా పాటల్లో నేను మెచ్చుకున్నదంతా, అంటే లయ విరగడం, రాగం మారడం, ఎదురుచూడని చోట కోరస్ దిగడం, అదంతా వాడికి దెబ్బే. ఆ నిశ్శబ్దం తీసేయమని ఏ సంగీత దర్శకుణ్నీ నేను అడగను. ఇప్పటికీ నాకది ఇష్టమే. కానీ ఆ వ్యాసం మళ్లీ చదవబుద్ధి కాలేదు.

రెండు రోజుల తర్వాత వాడు నా ఫోన్ తీసుకొని తనే ఒక పాట పెట్టుకున్నాడు. 'నాటు నాటు'! దరువుదే పెత్తనం, పేరులో ఉన్న మాటే మళ్లీ మళ్లీ వస్తది. ఇరవై సార్లు విన్నాడు. మధ్యలో ఆపుతాడు, వెనక్కి జరుపుతాడు, మళ్లీ పెడతాడు. సాయంత్రం అదే పాట గల్లీ చివర డీజేలో మోగింది. రెండు చెవులూ మూసుకొని మంచం కిందికి దూరాడు.

శబ్దం తేడా ఉంది, కాదనను. కానీ ఆపే బొత్తాం ఎవరి చేతిలో ఉందన్నది కూడా తేడానే. వెబ్‌సైట్లకు ఒక నియమం ఉంది, డబ్ల్యూసీఏజీలో: తనంతట తాను మోగే శబ్దం మూడు సెకన్లు దాటితే దాన్ని ఆపడానికో తగ్గించడానికో దారి ఉండాలి. స్క్రీన్ రీడర్ వాడేవాళ్లను దృష్టిలో పెట్టుకొని రాసింది. అలాంటి బగ్ ఒకటి నా దగ్గరికి వస్తే 'ప్రయారిటీ: తక్కువ' అని పెట్టి పక్కకు తోశాను ఒకప్పుడు. గల్లీకైతే ఆ నియమం కూడా లేదు. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలు వద్దన్నారు గానీ, ఆ ఉత్తర్వు దేవరకొండ దాకా రాదు.

అందుకని లిస్టు మానేసి చెల్లెకు ఇంకోటి రాసిచ్చా. ఏ పాటలో ఏ సెకనుకు ఏం వస్తుందో. ఇక్కడ డప్పు, ఇక్కడ ఈల, ఇక్కడ అంతా ఆగుతుంది. అది రావడానికి ముందు ఆమె వేళ్లు మడుస్తూ మూడు, రెండు, ఒకటి అని చూపిస్తది. కొన్ని పాటలకు పని చేసింది. కొన్నింటికి, వేలు మడవగానే లేచి పోయాడు. అదీ జవాబే కదా.

సద్దుల బతుకమ్మ నాడు గల్లీ ఆడవాళ్లను అడిగాను, డీజే పెట్టకముందు ఒక్క ఆట నోటితో ఆడతారా అని. "డీజే నిన్నమొన్నటిది బిడ్డా, మేం నోటితోనే ఆడినం" అంది పక్కింటి పెద్దమ్మ. ఒకామె పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు అదే పాదం అందుకున్నారు. చిన్నప్పటి నుంచి వింటున్నా, నాకెప్పుడూ తట్టలేదు: ఇందులో ప్రతి పాదం రెండుసార్లు వస్తది. మొదటిసారి ఒక్క గొంతు, రెండోసారి గుంపు. గుంపు అందుకునేసరికి అది విన్న మాటే. చప్పట్లు కూడా అడుగు లెక్కకే పడతాయి. మావాడు గేటు వెనక రెండు చెవులూ మూసుకొని నిలబడ్డాడు. కొంతసేపటికి ఒక చెయ్యి దించాడు. రెండోది దించలేదు.

మా చెల్లె ఇరవై నిమిషాలు ఆడింది. ఏడింటికి డీజే పిల్లగాడు వైర్లు కలపడం చూసి, చెప్పులు వాకిట్లోనే వదిలేసి, వాడి చెయ్యి పట్టుకొని లోపలికి వచ్చి కిటికీలు మూసింది.