బంగారు పూల ఊళ్లో... ఉంగరం లెక్కలు

ఒకటే ఇప్పచెట్టు. దానికి రెండు కొమ్మలు. ఇంట్లో ఇద్దరు సవతులు. గొడవ లేకుండా చెరో కొమ్మా పంచిచ్చాడు శబర నాయకుడు. ఎవరి కొమ్మ కింద రాలిన పూలు వాళ్లవి. అయితే శివభక్తురాలైన భార్య ఏరుకున్న పూలు మాత్రం బంగారమైపోయేవట! రెండో ఆమె ఊరుకుంటుందా? పోరు మొదలైంది. విసిగిపోయిన మొగుడు గొడ్డలి తీసి చెట్టునే నరికాడు. మొదట్లోంచి శివుడి ముఖం కనిపించింది. శ్రీముఖలింగం అలా వెలిసిందంటుంది స్థలపురాణం. ఇప్పచెట్టును సంస్కృతంలో మధూకం అంటారు కనుక స్వామి మధుకేశ్వరుడయ్యాడు.

శ్రీకాకుళం జిల్లా జలుమూరు మండలంలో, వంశధార ఎడమ గట్టున ఉంటుందీ ఊరు. పెళ్లి కుదిరిన ఇళ్లవాళ్లు తొలి శుభలేఖ స్వామి ముందు పెట్టడానికి వస్తుంటారు. నిశ్చితార్థానికి కొన్న ఉంగరాల పెట్టెను కూడా పూజారి చేతికిచ్చి, ఓసారి స్వామి దగ్గర పెట్టించుకుని కళ్లకద్దుకునేవాళ్లూ ఉంటారు. ఆ పెట్టె చేతికి రావడానికి ముందు ఆ ఇంట్లో ఎన్ని లెక్కలు పడి ఉంటాయో! పూలు బంగారమయ్యే కొమ్మ ఇప్పుడెవరి పెరట్లోనూ లేదు మరి. 2005లో పది గ్రాముల మేలిమి బంగారం ఏడు వేల రూపాయల ప్రాంతంలో ఉండేది. 2025 ఏప్రిల్‌లో అది లక్ష దాటింది.

ఈ చుట్టుపక్కల పెళ్లి లెక్క సంక్రాంతితో మొదలవుతుంది. వరి నూర్పులై ధాన్యం డబ్బు చేతికొచ్చేది అప్పుడే. విశాఖపట్నానికో, హైదరాబాద్‌కో, చెన్నైకో పనులకెళ్లిన కుర్రాళ్లు ఊళ్లోకి దిగేదీ అప్పుడే. పండగ నాలుగు రోజుల్లో మాటలు అయిపోవాలి. పుష్యం దాటి మాఘం రాగానే తాంబూలాలు. అంటే ఉంగరం కొనడానికి మిగిలేది పట్టుమని పదిహేను, ఇరవై రోజులు. మాఘ ముహూర్తాల కోసం అందరూ ఒక్కసారే నరసన్నపేట, శ్రీకాకుళం బంగారం కొట్ల మీద పడతారు. అప్పుడు మనకు నచ్చిన నమూనా చేసిపెట్టమంటే తీరిక ఎవరికి? ఉన్నవాటిలో ఏరుకోవాల్సిందే.

కొలత దగ్గర ఇంకో తంటా. కుర్రాడు హైదరాబాద్‌లో ఉంటాడు, ఉంగరం ఇక్కడ తయారవుతుంది. 'అమ్మా, ఏలుకి దారం సుట్టి కొలిసినాను, సరిపోద్దిలే' అంటాడు ఫోనులో. తీరా తాంబూలాలనాడు పెళ్లికూతురు తొడగబోతే కణుపు దగ్గర ఆగిపోతుంది! 'ఏటి నాయినా, ఏలు లావైపోనాదేటి?' అని తల్లి నవ్వేస్తుంది గానీ, లోపల ఆమెకెంత గుబులో. ఇందులో వేలు తప్పేం లేదు. దారం సాగుతుంది. పైగా వేలు పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటుంది. ఎండల్లో కాస్త ఉబ్బుతుంది, చలికి సన్నబడుతుంది. కణుపు లావుగా ఉంటే కణుపు మీదుగా దిగేటట్టు కొలవాలి తప్ప వేలి మొదట్లో కొలిచి లాభం లేదు. కొట్లలో వరసగా రింగులు గుచ్చిన కొలతల గుత్తి ఉంటుంది. పండగకొచ్చిన నాలుగు రోజుల్లో ఓ మధ్యాహ్నం కుర్రాణ్ని తీసుకెళ్లి కొలిపిస్తే తీరిపోయే పని అది. కాస్త వదులైతే సరిచేయించుకోవచ్చు. బిగుతైతే సాగదీయాలి, లేదా కోసి ముక్క అతకాలి. రాళ్లు చుట్టూ పొదిగిన ఉంగరమైతే అదీ కష్టమే. అందుకే ముహూర్తానికి వారం ముందైనా ఉంగరం ఇంట్లో ఉండాలి.

డబ్బు సంగతి ఏడాది ముందే మొదలెట్టాలి. నెలనెలా కొట్లో కట్టే పథకాలు చాలా చోట్ల పదకొండు నెలలతో ఆగిపోతాయి. ఎందుకో ఎప్పుడైనా గమనించారా? సరుకు కోసం తీసుకున్న బయానా 365 రోజుల్లోగా సరుకుగా మారకపోతే దాన్ని డిపాజిట్‌గా లెక్కగడతాయి 2014 నాటి కంపెనీల నిబంధనలు. అందుకే ఏడాది లోపే ముగించేస్తారు. ఇలాంటి పథకంలో చేరేముందు కట్టిన డబ్బుకు ఏ రోజు ధర వేస్తారో అడగాలి. కట్టిన రోజు ధరా, కొన్న రోజు ధరా? ధరలు ఎగబాకే ఏడాదిలో తేడా అంతా అక్కడే ఉంటుంది. పాత కమ్మలు కరిగించి ఉంగరం చేయించే ఇళ్లూ ఉన్నాయి. అమ్మమ్మ కాలం నాటి కమ్మలు 22 క్యారెట్లే అయి ఉండాలని లేదు. గీటురాయి మీదో, యంత్రంలోనో చూశాక లెక్క తగ్గితే ఆరోజు గుండె జారిపోతుంది. ఆ పరీక్షేదో ముందే చేయించి ఎంత వస్తుందో తెలుసుకుంటే, మిగతాది సర్దుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. మాటలనాడు 'అర తులం పెడతాం' అని నోరుజారి, తర్వాత తాకట్టు కొట్టుకి పరుగెత్తే తండ్రులకు ఈ జిల్లాలో కొదవ లేదు.

హాల్‌మార్క్ 2021 జూన్ 16 నుంచి దశలవారీగా తప్పనిసరి అయింది. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాలూ అంకెలూ కలిసిన హెచ్‌యూఐడీ లేకుండా హాల్‌మార్క్ నగ అమ్మకూడదు. ఉంగరం లోపలి వైపు చూస్తే 22కె916, పక్కన ఆ గుర్తు కనిపించాలి. ఆ గుర్తు నిజమో కాదో ఫోనులో బీఐఎస్ కేర్ యాప్‌లో చూసుకోవచ్చు. ఒక మెలిక ఉంది. రెండు గ్రాముల లోపు నగలకు ఈ నిబంధన వర్తించదు. సన్నపాటి ఉంగరం కొనేవాళ్లే ఎక్కువ జాగ్రత్తపడాలన్నమాట! రాళ్ల బరువు విడిగా రాయించాలి. బంగారం ధరకు రాయి కొనడంకంటే తెలివితక్కువ పని ఇంకోటి ఉండదు.

బంగారం మీద ముద్ర ఈ ఊరికి కొత్త కాదు. శ్రీముఖలింగమే తూర్పు గాంగుల కళింగనగరం అంటారు చరిత్రకారులు. వంశధార ఒడ్డునే పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి, పర్లాకిమిడిలో పనిచేస్తూ ఇక్కడి శాసనాలను సొంతంగా చదవడం నేర్చుకుని వ్యాసాలు ప్రకటించారు. అఖండ దీపాలకు మాడలు ఇచ్చిన దాతల సంగతులు ఆ గోడల మీదే ఉన్నాయి. గాంగుల బంగారు ఫణం వేలి గోరంత కూడా ఉండదు. అర గ్రాము లోపే. ఒకవైపు పడుకున్న నంది, మరోవైపు 'స' అనే అక్షరం, కింద రాజు పాలనా సంవత్సరం అంకె. ఇంచుమించు అయిదు ఫణాలు కరిగిస్తే గానీ రెండు గ్రాముల ఉంగరం కాదు!

మధుకేశ్వరాలయం చూశాక భీమేశ్వరం, ఊరి మొదట్లో ఒంటరిగా నిలబడ్డ సోమేశ్వరం చూడకుండా రాకూడదు. సోమేశ్వరాలయం గోడల మీద ఉలి పని దగ్గర కాసేపు ఆగాలి. రాతి బొమ్మల మెడల్లో హారాలు, చేతులకు కంకణాలు... ఏ కంసాలి నమూనా పుస్తకంలోనూ అన్ని రకాలు దొరకవు. ఊళ్లో కోటికి ఒక్కటి తక్కువ లింగాలున్నాయని పెద్దలు చెబుతారు. పెళ్లి ఖర్చు లెక్కేసుకుంటూ వచ్చిన తండ్రికి ఆ 'ఒక్కటి తక్కువ' బాగా అర్థమవుతుంది.

శ్రీకాకుళం నుంచి నరసన్నపేట మీదుగా సుమారు 45 కిలోమీటర్లు. రైల్లో వచ్చేవాళ్లు ఆమదాలవలసలో ఉన్న శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో దిగాలి. తిలారు ఇంకా దగ్గర గానీ పెద్ద బళ్లు ఆగవు. శివరాత్రి తర్వాత జరిగే చక్రతీర్థ స్నానాలకు ఒడిశా నుంచి కూడా జనం తరలివస్తారు. ఆ రోజు వంశధారలో దిగేవాళ్లు మాఘంలో తొడిగించుకున్న కొత్త ఉంగరం తీసి కొంగున ముడేసుకోవడం మంచిది. చన్నీళ్లకు వేలు సన్నబడుతుంది.