ఎదిగే పిల్ల గదా!

మన ఇళ్ళల్లో ఒక మాట ఉంది. బట్టలు కుట్టించేటప్పుడు, చెప్పులు కొనేటప్పుడు, అన్ని చోట్లా అదే మాట: "ఎదిగే పిల్ల గదండీ, కాస్త పెద్దదే ఇవ్వండి!" నా చిన్నప్పటి నిక్కర్లన్నీ మొదటి ఏడు మోకాళ్ళు దాటేవి, రెండో ఏడు సరిపోయేవి, సరిపోయేనాటికి రంగు వెలిసేది.

మేముండేది ఖైరతాబాదులో. ఎదుగుదల సంగతి మా పేటవాళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదు. 1954లో ఒక్క అడుగు విగ్రహంతో మొదలైన మా వినాయకుడు ఏటా ఒక్కొక్క అడుగు చొప్పున పెరుగుతూ 2014 నాటికి 60 అడుగులవాడయ్యాడు. మనుషుల పిల్లలకు అంత తొందర లేదు. మూడేళ్ళ పిల్ల ఏడాదికి పెరిగేది రెండున్నర అంగుళాలకు కాస్త అటూ ఇటూ. ఈ తేడా తెలియకే మా ఇంట్లో ఒక చిక్కు వచ్చిపడింది.

పెళ్ళయిన పన్నెండేళ్ళకు కలిగిన మా అమ్మాయికి మొన్ననే మూడేళ్ళు నిండాయి. పక్క వాటా కుర్రవాడు సెల్లారులో ఒంటికాలితో నేలను తన్నుకుంటూ స్కూటరు నడపడం చూసి, "తాతా, నాకూ!" అంది. ఆ మాట చాలు మా నాన్నగారికి. ఆ సాయంత్రమే మెట్రో ఎక్కి, పంజగుట్టలో దిగి, తన పింఛను డబ్బుతో ఒక స్కూటరు కొని భుజాన వేసుకుని వచ్చారు. దాని డబ్బా మీద 'అయిదేళ్ళు నిండినవారికి' అని ఉంది. అడిగితే, "ఎదిగే పిల్ల గదరా!" అన్నారు.

ఆ బండి పిడి ఎంత దించినా నేలకు 30 అంగుళాల ఎత్తున ఉంది. మా పిల్ల మొత్తం పొడవే 36 అంగుళాలు. చేతులు భుజాల పైకెత్తి, గుమ్మానికి వేలాడినట్టు వేలాడి, మూడు గజాలు పోయిందో లేదో బండితో సహా పడింది. గడ్డం చిట్లింది. గాయం నాలుగు రోజుల్లో మానింది గాని, భయం మానలేదు. ఆ బండిని చూస్తే చాలు, వాళ్ళమ్మ కొంగు వెనక్కి పోయేది. నాన్నగారు మాత్రం రోజూ దాన్ని గుడ్డతో తుడిచి పెట్టేవారు. ఆయనతో ఏమనగలను? "మామయ్యగారు నొచ్చుకుంటారు, మీరేమీ అనకండి" అని మా ఆవిడ ముందే నా నోరు కట్టేసింది.

ఆదివారంనాడు పిల్లను తీసుకుని అమీర్‌పేటలో ఒక దుకాణానికి వెళ్ళాను. అక్కడి కుర్రవాడు వయసు అడగలేదు. పిల్లను బూట్లతో సహా బండి మీద నిలబెట్టి చూశాడు. పిడి నడుముకు దిగువన ఉంటే పిల్ల వంగిపోతుంది, ఛాతీ దాటితే పట్టు తప్పుతుంది, మధ్యన ఉండాలన్నాడు. నిలబడే పలక నేలకు ఎంత దగ్గరగా ఉంటే తన్నే కాలికి అంత సుఖం. ఈ వయసుకు ముందు రెండు, వెనక ఒకటి, మూడు చక్రాలు కావాలి. ఒరిగిన వైపు బండి తిరుగుతుంది. పిల్ల తనంతట తాను ఎత్తి పక్కకు పెట్టుకోగలిగినంత తేలికగా ఉండాలి. శిరస్త్రాణం కనుబొమలకు రెండు వేళ్ళ పైన కూర్చోవాలి, వెనక్కి జారకూడదు. ఇరవై ఏళ్ళుగా ఛందస్సు చెబుతున్న నాకు అప్పటికి తెలిసింది, ఆటవెలది పాదంలో సీస పాదాన్ని ఇరికిస్తే పడేది పద్యమేనని!

22 అంగుళాల పిడి ఉన్నది కొన్నాను. అవసరాన్ని బట్టి మరో అయిదు అంగుళాలు పెంచుకోవచ్చు. అంటే రెండు మూడేళ్ళకు లోటు లేదు.

కొన్నంత సులువు కాదు ఇంటికి తేవడం. దొంగలా మెట్లెక్కాను. వరండాలో నాన్నగారు కూర్చుని ఉన్నారు. కొత్త బండిని చూశారు, నన్ను చూశారు. నాకు మాట రాలేదు.

"నీ సైకిలు గుర్తుందా?" అన్నారు చివరికి.

గుర్తులేకేం? 1990లో, ఆరో తరగతిలో, 22 అంగుళాల పెద్దవాళ్ళ సైకిలు. కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కుతూ ఎన్నిసార్లు పడ్డానో! మోకాలి మీద మచ్చ ఇంకా ఉంది. పెద్దది కొన్నందుకు ఆయన మీద చాలాకాలం కోపం కూడా ఉండేది.

"పిల్లల సైకిలూ చూశాన్రా ఆ రోజు. ఎర్రది. రెండేళ్ళకు చాలకపోతే మళ్ళీ కొనే తాహతు నాకు లేదు. బడిపంతులి జీతం. నువ్వు పడతావని తెలిసే కొన్నాను" అన్నారు.

ముప్ఫై అయిదేళ్ళుగా నేను అడగని ప్రశ్నకు అదీ జవాబు.

ఆయనే లేచి పెన్సిలు తెచ్చారు. పెద్ద బండిని గోడకు ఆనించి, దాని పిడి ఎత్తున ఒక గీత గీశారు. తరవాత పిల్లను నిలబెట్టి, ఛాతీ దగ్గర మరో గీత గీశారు. "ఈ గీత ఆ గీతను అందుకున్ననాడు అటక మీంచి దింపుదాం" అని నా చేత పెద్ద బండిని అటకెక్కించారు.

ఆ సాయంత్రం సెల్లారులో పిల్ల చాలాసేపు కొత్తబండిని ముట్టుకోలేదు. తాత రెండడుగులు వెనక్కి నడుస్తూ చేతులు చాచారు. పిల్ల ఒక కాలు పలక మీద పెట్టింది. రెండో కాలితో నేలను మెల్లగా తన్నింది. నాన్నగారు ఇంకో అడుగు వెనక్కి వేశారు.