కుట్లు విప్పి చూస్తే...

మా చిన్నోడు అడక్కుండానే వంటింట్లోకి వచ్చి గిన్నెలు తుడుస్తున్నాడంటే ఏదో పెద్ద పనే ఉందన్నమాట. 'అమ్మా, వచ్చే నెల చీటీ నువ్వే పాడుకుంటున్నావు కదా!' అన్నాడు మెల్లగా. ఇంజినీరింగ్ అయిపోయి ఏడాది దాటింది. ఇద్దరు స్నేహితులతో కలిసి 'స్ట్రీట్‌వేర్' బ్రాండ్ పెడతాడట. దానికి నా రెండు లక్షల చీటీ కావాలట.

'స్ట్రీట్‌వేర్ అంటే? పట్నంబజారులో తోపుడుబండి మీద పెట్టి అమ్ముతారా?' అన్నాను. వాడు తల పట్టుకున్నాడు. భుజాలు మోచేతుల దాకా జారే టీషర్టులు, ఇద్దరు దూరేంత ప్యాంట్లు, హుడీలు... కుర్రకారు వేసుకుంటున్న ఆ బట్టల పేరే అదట. 'మాది అందరిలాంటిది కాదమ్మా. ప్లాస్టిక్ అస్సలు లేని బట్టలు' అంటూ, తమకు ఆదర్శమైన ఒక కంపెనీ టీషర్టు తెచ్చి చూపించాడు. ధర 1,799 రూపాయలు. కాగితం కవర్లో వచ్చింది. అట్టముక్క మీద ఆకు బొమ్మ, పక్కనే 'ప్లాస్టిక్ ఫ్రీ' అన్న అక్షరాలు.

'బట్టల్లో ప్లాస్టిక్ ఎక్కడుంటుందిరా?' అంటే వాడే పాఠం చెప్పాడు. మంచినీళ్ల బాటిల్ దేంతో చేస్తారో పాలిస్టర్ కూడా దాంతోనే చేస్తారట. కరిగించి సన్నటి పోగులుగా లాగితే అదే బట్ట. ప్రపంచంలో ఏటా తయారవుతున్న పోగుల్లో సగానికి పైగా పాలిస్టరే. ఉతికిన ప్రతిసారీ కంటికి ఆనని నూగు రాలి, కాలువల్లో పడి సముద్రం చేరుతుంది. మొదటినుంచీ సన్నటి రేణువుల రూపంలోనే సముద్రంలో కలిసే ప్లాస్టిక్‌లో దాదాపు 35 శాతం ఇలా సింథటిక్ బట్టలు ఉతకడం వల్ల వచ్చేదేనని 2017లో ఐయూసీఎన్ అంచనా వేసింది. పాత బాటిళ్లు కరిగించి చేసిన టీషర్టు నుంచీ ఈ నూగు రాలుతుంది.

వాడి ఆవేశం నాకు నచ్చింది. కానీ రెండు లక్షలంటే నాకు నలభై నెలల పొదుపు. 'ముందు మీరు ఆదర్శం అనుకుంటున్న ఆ చొక్కా సంగతేంటో చూద్దాం పద' అని మా వీధి చివర టైలర్ బాబాయి దగ్గరికి తీసుకెళ్లాను. ముప్పై ఏళ్లుగా మా ఇంట్లో అందరికీ బట్టలు కుట్టేది ఆయనే.

విషయం విని బాబాయి నవ్వాడు. పక్క కుట్టు విప్పి దారం లాగి, పళ్లెంలో నీళ్లు పోసుకుని, చిమటాతో పట్టుకుని అగ్గిపుల్ల వెలిగించాడు. చొక్కా గుడ్డ అంచు నుంచి లాగిన పోగు కాగితంలా కాలి బూడిదైంది. అది నూలే. కుట్టుదారం మాత్రం ముడుచుకుపోయి, కరిగి, నల్లటి గట్టి పూసలా మిగిలింది. మా వాడి ముఖం వాడిపోయింది.

'ఇంకా ఉంది, చూడు' అన్నాడు బాబాయి. మెడ వెనక తళతళలాడే లేబుల్ కూడా అలాగే కరిగింది. మెడపట్టీ సాగడానికి అందులో ఎలాస్టేన్ కలుపుతారు. అదీ ప్లాస్టిక్ కుటుంబమే. ఇక ఛాతీ మీద రబ్బరులా లాగితే సాగుతున్న పెద్ద బొమ్మ. ప్లాస్టిసాల్ రంగుతో వేసే ఇలాంటి అచ్చులో ఉండేది పీవీసీ. మన ఇళ్లకు నీళ్లొచ్చే పైపుల సరుకే! కంపెనీకి ఉత్తరం రాస్తే రెండు రోజులకు జవాబొచ్చింది. 'ప్లాస్టిక్ ఫ్రీ' అన్నది ప్యాకింగ్ గురించేనట!

'మేమలా చేయం. అన్నీ మారుస్తాం' అని మావాడు పౌరుషపడ్డాడు. నూలు దారం, కొబ్బరి చిప్ప గుండీలు, నీళ్లలో కలిపే రంగులతో అచ్చు అంటూ లెక్క రాసుకున్నాడు. బాబాయి అడ్డుపడ్డాడు. 'సాగే టీషర్టుకు నూలు దారం వేస్తే తల దూర్చేటప్పుడు పుటుక్కుమంటుంది నాయనా. నాలుగుసార్లు వేసుకోకుండానే కుట్లు ఊడే చొక్కాతో ఎవరికి లాభం?' అన్నాడు. వాడి దగ్గర జవాబు లేదు. నిజం చెప్పొద్దూ, నా దగ్గరా లేదు.

ఆ రాత్రి వాడు మళ్లీ 'ఎంతైనా పత్తి పత్తేనమ్మా, దానితో ఎవరికీ హాని ఉండదు' అన్నాడు. అప్పుడు చెప్పాల్సి వచ్చింది వాడికి, వాళ్ల తాతయ్య సంగతి.

1987లో మా గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి మీద తెల్లదోమ విరుచుకుపడినప్పుడు నాకు పన్నెండేళ్లు. మందు మీద మందు కొట్టినా దోమ చావలేదు. అప్పులపాలైన రైతులెందరో ప్రాణాలు తీసుకున్నారు. మా నాన్న బతికి బయటపడ్డాడు గానీ రెండెకరాలు అమ్ముకున్నాడు. మందు కొట్టి వచ్చిన రోజు ఆయన చొక్కాను అమ్మ మా బట్టల్లో కలపనిచ్చేది కాదు. దూరంగా కాలువ దగ్గరికి తీసుకెళ్లి ఉతికేది. ఆ చొక్కాలో ప్లాస్టిక్ లేదు. అచ్చమైన నూలు. అయినా అందులోంచి కాలువలోకి పోయిందేమిటో అమ్మకు తెలుసు. 2002లో బీటీ పత్తి వచ్చాక కాయతొలుచు పురుగుకు కొట్టే మందులు కొన్నేళ్లు తగ్గాయి. తర్వాత గులాబీరంగు పురుగు మళ్లీ తలెత్తింది.

పత్తి బట్టయ్యాక రంగు సంగతుంది. తిరుప్పూరులో అద్దకం నీళ్లు నొయ్యల్ నదిని పాడుచేస్తున్నాయని 2011లో మద్రాసు హైకోర్టు వందల యూనిట్లను మూయించింది. మన టీషర్టుల్లో చాలా వాటి పుట్టిల్లు ఆ ఊరే. ప్లాస్టిక్ లేదనడం ఒక్క ప్రశ్నకు జవాబు. పత్తి ఎక్కడిది, రంగు నీళ్లు ఎక్కడికి పోయాయి, కుట్టినవాళ్లకు ఎంత ముట్టింది, ఆ చొక్కా ఎన్నేళ్లు ఉంటుంది... ఇవన్నీ అలాగే మిగిలిపోతాయి.

చివరి ప్రశ్నే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఈ బ్రాండ్లు రెండు వారాలకోసారి కొత్త డిజైన్ 'డ్రాప్' చేస్తాయట. అయిపోతుందేమోనన్న కంగారులో పిల్లలు కొనేస్తారు. మావాడి బీరువాలో నాలుగుసార్లు కూడా వేసుకోనివి తొమ్మిది లెక్కపెట్టాను. మా అమ్మ చీర పాతబడితే లంగా అయ్యేది, ఆ తర్వాత బొంత అయ్యేది, చివరికి మసిగుడ్డ అయ్యేది. ఆ లెక్కకు ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు.

వారం రోజులు మాట్లాడని మావాడు ఒక ఆదివారం మంగళగిరి వెళ్లొచ్చాడు. చేతిలో చేనేత తాను. 'లూజు చొక్కాకు సాగే బట్ట ఎందుకమ్మా? నేసిన బట్టయితే నూలు దారం ఆగుతుందట' అన్నాడు. బాబాయి సరేనన్నాడు. కాలర్లో అంటించే బక్రంలో ప్లాస్టిక్ జిగురుంటుందని, దాని బదులు నూలు గుడ్డ పెట్టి కుట్టాడు. జేబులో ఒక అదనపు గుండీ, చిన్న దారపు చుట్ట పెట్టమని సలహా కూడా ఇచ్చాడు.

నేను రెండు లక్షలూ ఇవ్వలేదు. నలభై చొక్కాలకు సరిపడా ఇచ్చాను. ఒకే డిజైన్, 'డ్రాప్'లు లేవు. అట్టముక్క మీద ఏం రాయాలో రాసుకు రమ్మన్నాను. రుజువు లేకుండా 'పర్యావరణ హితం' అని గొప్పలు పోకూడదని 2024లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలే ఇచ్చింది మరి!

వాడు రాసుకొచ్చింది ఇదీ: 'బట్ట మంగళగిరి చేనేత. దారం నూలు. గుండీలు కొబ్బరి చిప్పవి. నూలు మిల్లుది. అందులోని పత్తి ఏ పొలంలోదో మాకు తెలియదు. రంగు రసాయనానిదే. ఇంతకన్నా మంచిది దొరికితే మారుస్తాం. ఊడితే తెచ్చివ్వండి, కుట్టిస్తాం.'

'ఇలా రాస్తే ఎవరైనా కొంటారా?' అన్నారు మావారు. ఏమో, ఇప్పటికి పదకొండే అమ్ముడుపోయాయి. కానీ చీటీ డబ్బులిచ్చేటప్పుడు హామీ సంతకం అడుగుతారు కదా. మావాడు 'మాకు తెలియదు' అని రాసిన ఆ మాటే నాకు హామీ అనిపించింది.