కటికి జలపాతపు దారి

విశాఖపట్టణమునుండి శృంగవరపుకోట మీదుగా అనంతగిరి కొండలెక్కి బొఱ్ఱా గుహలను జూచివచ్చువారు పెక్కురు. ఆ గుహలకు సమీపముననే గోస్తనీనది కటికి జలపాతమై దుముకుచున్నది. అచ్చటికి మంచి బాట లేదు. ఱాళ్లును గుంతలును నిండిన త్రోవలో బాడుగ జీపులు కొంతదూరము కొనిపోయి దింపును, తక్కినది నడువవలయును.

మాకు ముప్పదియేండ్లు దాటిన మహీంద్రా జీపొకటి కలదు. కార్తికమాసమున వలిసెచేలు పసుపు ఆరబోసినట్లున్న దినములలో మాయత్తగారిని వెంటబెట్టుకొని అందులోనే బయలుదేరితిమి. కాఫీతోటలలో నీడకై పెంచిన సిల్వరుఓకు మ్రాకులకు మిరియపుతీగెలు ప్రాకియున్న సొగసు చూచుచు బొఱ్ఱా చేరువఱకు సుఖముగనే యుంటిమి. కటికిదారిలో సగమైనను పోకమునుపే జీపు కడుపు ఱాతికి తగిలి నిలిచిపోయెను. ఊరి యువకులు నలుగురు వచ్చి వెనుకకు త్రోసి మరలించిరి. అత్తగా రొక్కమాటయు ననలేదు. కొండమలుపు దాటువఱకు అటే చూచుచుండిరి. వారికి మోకాళ్లనొప్పులు. మెల్లగా నడువగలరు గాని యెత్తైన మెట్టెక్కలేరు. పై యేటికి ఎట్లుండునో యని మాకు దిగులు.

ఇల్లు చేరినపిదప జీపును ఎత్తుచేయింప నిశ్చయించితిమి. మొదట చూపిన కార్ఖానాలో నాలుగంగుళములు లేపి పెద్ద టైర్లు వేయుదమనిరి. చూచుటకు ఠీవిగానే యుండును. కాని కొండమలుపులలో ఎత్తైన బండి మఱింత ఒరుగును. ప్రొపెల్లరు షాఫ్టు కీళ్లు వంపు హెచ్చి త్వరగా నరుగును. బ్రేకు గొట్టముల పొడవు చాలదు. అన్నిటికిని మించి, అత్తగారు ఎక్కుటెట్లు?

అప్పుడొక వృద్ధమేస్త్రి, “అమ్మా, ఎంత లేపాలో తరువాత చూద్దాం. ముందు ఎంత కుంగిందో కొలవండి” అనెను. కుట్టుపనికి వాడు టేపుతోనే చక్రపు నడిమినుండి మడ్డుగార్డు అంచువఱకు నాలుగు మూలలను కొలిచితిమి. డ్రైవరు కూర్చుండు కుడిప్రక్క ముప్పాతిక యంగుళము తగ్గియుండెను! ఏండ్ల బరువునకు కమాను పట్టీలు వంపు పోగొట్టుకొన్నవి.

ఆతడే మఱియొక సంగతి తెలిపెను. ఇట్టి జీపులో ఇరుసు ఒకేదూలమువంటిది. కమానులు ఎత్తుచేసిన బండిమేను లేచును గాని, ఇరుసు నడుమనున్న గుండు ఉన్నచోటనే యుండును. అది లేవవలెనన్న టైరు పెద్దది కావలె; టైరు నిలువున ఒక యంగుళము పెరిగిన గుండు అర్ధాంగుళమే లేచును. మాకు తగిలినది మేను గనుక కమానుల పనియే చాలును. కమాను చివరనుండు షాకిళ్లను పొడుగుచేయుట చౌక. రెండంగుళములు పెంచిన ఒక యంగుళమే లేచుట యటుండ, ముందుచక్రముల వాలు మాఱి స్టీరింగు చెడును. అది వలదంటిమి.

మేము నిర్ణయించినది, పట్టీలకు మరల వంపు తీయించి మొదటి యెత్తునకు తెచ్చుటయు, ఆపైన ఒకటిన్నర యంగుళము మాత్రము. దానికి ముందు మేము మాత్రము చేసిన పరీక్ష యొకటి యున్నది: వంటింటి పీటపై పీట పేర్చి అత్తగారు ఎంతయెత్తు ఎక్కగలరో చూచితిమి. నవ్వుచునే యెక్కిరి. ఆ లెక్కకు సరిపడ జీపుప్రక్కన క్రిందికి వ్రేలాడు ఇనుపమెట్టు పెట్టించితిమి. తయారీదారు వివరములకు భిన్నమైన మార్పులను 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను నిరోధించుచున్నందున, మావారు ముందుగా రవాణా కార్యాలయమున విచారించి వచ్చిరి. క్రొత్త యూబోల్టులు వేసి, చక్రములు గాలిలో వ్రేలాడునప్పుడు బ్రేకు గొట్టములు బిగుసుకొనకుండుట మేస్త్రి మాకు చూపెను. కొంతదూరము నడిపినపిదప బోల్టులను మరల బిగింపుమనెను, అట్లే చేసితిమి.

మాఘమాసమున మరల పోయితిమి. మునుపు నిలిచిన ఱాతిని దాటునప్పుడు ఎవరమును మాటలాడలేదు. కడుపు తగులలేదు. మఱికొంత పైన మాత్రము గుండు ఒక బండను గీసినది. మేస్త్రి ముందే చెప్పెను గదా! మావారు దిగి ఱాళ్లు సవరించుచుండగా అత్తగారు ఇనుపమెట్టుపై పాదముంచి తామే దిగి, కఱ్ఱ యూతగా నీటిహోరు వినవచ్చు దిక్కునకు నడక సాగించిరి.